ట్రేలు పెడితే దవడ వెడల్పవుతుందా? అపోహలు, అసలు సంగతి

ఈ నెలలో ఇది మూడోసారి. ఎనిమిదేళ్ళ పాప, నోరు మూస్తే కుడివైపు పై పళ్ళు కింది పళ్ళకు లోపలగా పడుతున్నాయి. క్రాస్‌బైట్. పాప ఇంకా కుర్చీ ఎక్కనేలేదు, వాళ్ళమ్మగారు ఫోన్లో ఒక వీడియో చూపించి "డాక్టర్ గారూ, ఎక్స్‌పాండర్ వద్దండీ, ఈ కనిపించని ట్రేలు పెట్టేయండి, దవడ వెడల్పయిపోతుందట" అన్నారు. (ఎక్స్‌పాండర్ అంటే అంగిలికి బిగించి, చిన్న కీతో కొద్దికొద్దిగా తిప్పుతూ పై దవడను వెడల్పు చేసే పరికరం.)

ఆ "అట"తోనే నా గొడవంతా.

అపోహ: ఎలైనర్, అంటే ఆ కనిపించని ట్రే, దవడ ఎముకను వెడల్పు చేస్తుంది.

వాస్తవం: ఎలైనర్ పళ్ళను తోస్తుంది. ఒక్కో ట్రేకి పావు మిల్లీమీటరు, అంతే. పళ్ళు బయటికి వాలి వరస కాస్త వెడల్పవుతుంది, ఎముక మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ప్రహరీ గోడ రోడ్డు మీదికి ఒరిగితే మన సైటు పెరగదుగా! అంగిలి మధ్యలో ఉండే అతుకు తెరుచుకోవాలంటే ఎక్స్‌పాండర్ కావాలి, ఆ అతుకు చిన్న వయసులోనే మాట వింటుంది, పదిహేనేళ్ళ దగ్గరికి వచ్చేసరికి చాలామందిలో బిగుసుకుపోతుంది. వరస కొద్దిగా ఇరుకైతే ట్రేలు బాగానే పనిచేస్తాయి, నేనూ వేస్తాను. ఎముకే ఇరుకైన పిల్లకి రెండేళ్ళు ట్రేలు మార్చి మార్చి చివరికి నా దగ్గరికి తెస్తేనే ఒళ్ళు మండుతుంది. డబ్బు సరే, ఆ వయసు ఎక్కణ్ణుంచి తెస్తాం?

2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చిన ఇన్విజలైన్ బ్రాండు పాలటల్ ఎక్స్‌పాండర్ ఒకటుంది, తీసి పెట్టుకునేదే, కానీ అంగిలికి ఆనుకునే పరికరం, ఎలైనర్ కాదు. అదే బ్రాండులో పిల్లల ఎలైనర్ల పేరు ఇన్విజలైన్ ఫస్ట్, అవి వేరు. పేర్లు కలిసేసరికి వీడియోల వాళ్ళు రెండూ ఒకటే చేసేశారు.

"పాల పళ్ళన్నీ ఊడాక చూద్దాం" అనేది ఇంకో అపోహ. క్రాస్‌బైట్ ఉంటే ఆగొద్దు, ఏడేళ్ళ వయసుకే ఒకసారి చూపించండి.

ట్రే కొంటే పనైపోదు, రోజుకు 20-22 గంటలు నోట్లో ఉండాలి. ఒక బాబు డబ్బా తెరిస్తే వారం నాటి ట్రే కడిగిన గాజు గ్లాసులా తళతళలాడుతోంది. వాడిన ట్రే మసకబారుతుంది, గీతలు పడుతుంది. నేను వాడి మొహం చూశాను, వాడు నేల చూశాడు. మావాడూ తక్కువేం కాదు, సరిచేసిన పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే వాడి రిటైనర్ రెండుసార్లు ఇడ్లీ ప్లేటుతో సహా సింకులోకి వెళ్ళింది.

ఎక్స్‌పాండర్ పెట్టాక ముందు పళ్ళ మధ్య సందు వస్తుంది. ఒక నాయనమ్మగారు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "పళ్ళు చీలిపోతున్నాయమ్మా" అని ఏడ్చేశారు. టెన్షన్ పడటం సహజమే, తప్పు నాది, ముందే చెప్పాల్సింది. అతుకు తెరుచుకుంటోందనడానికి అదే గుర్తు. మామూలుగా కొన్ని నెలల్లో దానంతటదే మూసుకుంటుంది.

ఇదంతా విని పాప వాళ్ళమ్మగారు ప్లాస్టర్ మోడల్ చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూశారు. "మరి ఆ కీ ఎవరు తిప్పాలండీ?"

"మీరే. రాత్రి బ్రష్ చేయించాక. మొదటిసారి ఇక్కడే నా ముందు తిప్పుదురు గాని."