మెగ్గర్ బాగుంటే చాలా? హైవోల్టేజి ఇన్సులేషన్‌పై అపోహలు - వాస్తవాలు

రాయగడ, కోరాపుట్ వైపు సబ్‌స్టేషన్లకు, ఫ్యాక్టరీ యార్డులకు టెస్టింగ్‌కి వెళ్తే మన తెలుగు ఆపరేటర్లు తరచూ అనే మాటలివి.

అపోహ: "మెగ్గర్ బాగా చూపించింది సార్, ఇంకేం టెన్షన్ లేదు."

వాస్తవం: మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరం) ఇచ్చేది సాధారణంగా 5 కేవీ డీసీ. 132 కేవీ ఏసీ మీద ఇన్సులేషన్ లోపలి గాలి బుడగలో జరిగే పాక్షిక డిశ్చార్జి (బుడగ మేరకే జరిగే చిన్న చిన్న స్పార్కులు) దానికి దొరకదు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు (లోపలి తీగచుట్ట) 10 డిగ్రీలు వేడెక్కితే రీడింగు దాదాపు సగానికి పడుతుంది. ఉష్ణోగ్రత రాయని రీడింగు నా లెక్కలో రీడింగే కాదు.

అపోహ: "పొద్దున్న విలువ పడిపోయింది, వైండింగు పోయినట్టే."

వాస్తవం: తొందరపడకండి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం మంచుకి బుషింగు (కరెంటు తీగను ట్యాంకులోంచి బయటికి తెచ్చే ఇన్సులేటరు) పింగాణీ మీద తేమ పట్టి, కరెంటు పైపైనే లీకవుతుంది. పొడిగుడ్డతో తుడవండి. పింగాణీ చుట్టూ రాగితీగ బిగించి మెగ్గర్ గార్డు టెర్మినల్‌కి (పైపై లీకేజీని కొలతలోకి రానివ్వదు) కలిపి మళ్లీ చూడండి. విలువ లేచిందంటే వైండింగు తప్పేం లేదు.

అపోహ: "ఆయిల్ ఫిల్టర్ చేయిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కొత్తదైపోతుంది."

వాస్తవం: నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇదే. వాక్యూమ్ ఫిల్టరేషన్‌తో తేమ పోతుంది, బీడీవీ (ఆయిల్ తట్టుకునే వోల్టేజి) పెరుగుతుంది, నిజమే. కానీ ఆయిల్లో కరిగిన గ్యాసులూ పోతాయి, లోపలి లోపానికి సాక్ష్యం అవే. ఎసిటిలీన్ ఉంటే ఆర్కింగు, ఎథిలీన్ పెరిగితే ఆయిల్ విపరీతంగా వేడెక్కడం, హైడ్రోజన్ ఎక్కువైతే పాక్షిక డిశ్చార్జి అనుమానించాలి. ఒక ఫ్యాక్టరీలో బుకోల్జ్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపల గ్యాసు పుడితే పట్టే రిలే) అలారం వచ్చిన మర్నాడే ఫిల్టర్ చేయించి, ఆ తర్వాత నాకు శాంపిల్ ఇచ్చారు. అందులో గ్యాసుల జాడే లేదు. లోపం మాత్రం ట్యాంకులో అలాగే ఉంది. అందుకే ముందు శాంపిల్, తర్వాతే ఫిల్టర్. వాల్వు తుడిచి, కొంత ఆయిల్ వదిలేసి, గాజు సిరంజిలో గాలి బుడగ లేకుండా పట్టి, ఎండ తగలకుండా ల్యాబుకి పంపండి.

వైండింగుకి చుట్టిన ఇన్సులేషన్ కాగితం సంగతి వేరు. కొత్తలో దాని పాలిమరైజేషన్ డిగ్రీ (కాగితం నారలోని అణు గొలుసు పొడవు) 1000 దాకా ఉంటుంది, 200కి దిగితే బలం పోయినట్టే. ఏ ఫిల్టరూ దాన్ని వెనక్కి తేలేదు. ఎంత అరిగిందో ఆయిల్లో ఫ్యూరాన్ (కాగితం అరిగితే ఆయిల్లోకి వచ్చే పదార్థం) పరీక్షతో అంచనా వేయొచ్చు.

అపోహ: "బుషింగు టాన్ డెల్టా లిమిట్లోనే ఉంది."

వాస్తవం: టాన్ డెల్టా అంటే ఏసీ మీద ఇన్సులేషన్‌లో వృథా అయ్యే కరెంటు వాటా. లిమిట్ 0.7 శాతం అనుకుందాం. నిరుడు 0.3, ఇప్పుడు 0.6 అయితే లిమిట్ దాటలేదు, కానీ రెట్టింపయింది. కెపాసిటెన్సు కూడా పెరిగితే లోపలి పొరలు షార్టవుతున్నాయని అనుమానించాలి. టెస్టు అయ్యాక బుషింగు ట్యాప్ (కొలత తీసుకునే చిన్న టెర్మినల్) మూత సరిగ్గా బిగించి, ఎర్త్ అందుతోందో లేదో చూశాకే ఎల్‌సీ (లైన్ క్లియర్, సప్లై ఆపి పనికి ఇచ్చే అనుమతి) వాపసు ఇవ్వండి. ట్యాప్ ఎర్త్ లేకుండా ఛార్జ్ చేస్తే బుషింగే పేలిపోవచ్చు.