చిన్న ట్రాకుల రేసింగ్ ఇంజన్లు: అపోహలు – వాస్తవాలు

ఓవల్ రేసింగ్ (గుండ్రని ట్రాకు చుట్టూ కార్లు తిరిగే పోటీ) అనగానే చాలామందికి టీవీలో చూసే ఫ్లోరిడాలోని పెద్ద ట్రాకు డేటోనాయే గుర్తొస్తుంది. నేను ఇంజన్లు కట్టేది నార్త్ కరోలినాలోని చిన్న ట్రాకుల కోసం. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్లు గ్యారేజీలో కారు సిద్ధం చేసుకుని, శనివారం పోటీకి దిగేవాళ్ల ప్రపంచం ఇది. షార్లెట్ చుట్టుపక్కల తెలుగు మిత్రులు, మెకానికల్ చదువుతున్న పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు తరచుగా వినిపిస్తాయి.

అపోహ: హార్స్‌పవర్ ఎక్కువున్న కారే గెలుస్తుంది.

వాస్తవం: విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియంలో 1949 నుంచి నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ) వారపు రేసులు జరుగుతున్నాయి. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు తారు ట్రాకు, వాలు లేని మలుపులు. కారు పూర్తి వేగం అందుకునేలోపే తరువాతి మలుపు వచ్చేస్తుంది. మలుపు దాటి బయటికి వచ్చేటప్పుడు చక్రం జారకుండా ముందుకు లాగగలిగినవాడిదే గెలుపు. అందుకే నేను గరిష్ఠ శక్తి కన్నా మధ్య ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) టార్క్‌నూ (చక్రాన్ని తిప్పే బలాన్నీ), ట్రాకుకు తగిన గేర్ నిష్పత్తినీ ముందు చూస్తాను. ఒహాయోలోని ఎల్డోరా లాంటి బంకమట్టి ట్రాకుల మీద ఇది ఇంకా స్పష్టం. సాయంత్రం తడిగా పట్టునిచ్చిన మట్టి, రాత్రి గడిచేకొద్దీ ఎండి నున్నబడుతుంది. అప్పుడు అదనపు శక్తి టైరును ఉన్నచోటే తిప్పడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

అపోహ: ఇంజన్ బాగుంటే చాలు, ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) ఏదైనా ఒకటే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే మంచి ఇంజన్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. రేసంతా ఎడమ మలుపులే కాబట్టి ఆయిల్ కుడి గోడకు ఎగబాకుతుంది. మామూలు సంప్‌లో, ఆయిల్ పీల్చే గొట్టం ఆ క్షణాన గాలి పీలుస్తుంది. ప్రెజర్ పడిపోతుంది, క్రాంక్‌కూ (పిస్టన్లు తిప్పే ఇరుసుకూ) బేరింగుకూ మధ్య ఉండే పలుచని ఆయిల్ పొర తెగుతుంది. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే మెరుగైన కనెక్టింగ్ రాడ్లు కొన్నా ఈ నష్టం ఆగదు. కుడివైపు వెడల్పు చేసి, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని చిన్న తలుపులు అమర్చిన రేసింగ్ సంప్ వేయాలి. నిబంధనలూ డబ్బూ అనుమతిస్తే, ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఇంకా మేలు. రేసు ముగిశాక ఆయిల్ ఫిల్టరు కోసి, మడతల్లో లోహపు పొడి మెరుస్తుందేమో చూడండి. బేరింగు అరుగుతోందని ముందుగా చెప్పేది అదే.

అపోహ: సీలు వేసిన క్రేట్ ఇంజన్‌కు (ఫ్యాక్టరీలో కట్టి పెట్టెలో వచ్చే ఇంజన్‌కు) నిర్వహణ అక్కర్లేదు.

వాస్తవం: జనరల్ మోటార్స్ (జీఎం) వారి 602, 604 క్రేట్ ఇంజన్లు రెండూ 350 క్యూబిక్ అంగుళాలవే. ఇనుప హెడ్లున్న (హెడ్డు అంటే సిలిండర్ల మీది మూత) 602 సుమారు 350 హార్స్‌పవర్, అల్యూమినియం హెడ్లున్న 604 సుమారు 400 ఇస్తాయి. లోపల మార్పులు చేసి ఖర్చు పెంచే పోటీని ఆపడానికే ఆ సీళ్లు. వాల్వ్ కవరు తీయడానికి అవి అడ్డురావు. ఆ కవరు కింద ఉండే వాల్వు స్ప్రింగుల బిగువు వాడకంతో తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వు సమయానికి మూసుకోదు. స్ప్రింగు విరిగి వాల్వు సిలిండరులో పడితే పిస్టనూ హెడ్డూ రెండూ పోతాయి. హెడ్డు విప్పకుండానే బిగువు కొలిచే పరికరం ఉంది. దాన్ని కొనుక్కోండి, స్ప్రింగులు మాత్రం రూల్ బుక్ ఒప్పుకున్నవే వేయండి.

అపోహ: మెథనాల్ (రేసు కార్లలో ఇంధనంగా వాడే ఒక ఆల్కహాల్) కూడా పెట్రోలు లాంటిదే.

వాస్తవం: ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. మెథనాల్‌కు దాదాపు 6.4 చాలు. అంటే అదే గాలికి రెట్టింపుకు పైగా ఇంధనం పోయాలి. జెట్లు (ఇంధనాన్ని కొలిచి వదిలే చిన్న రంధ్రాలు), పంపు, గొట్టాలు అన్నీ దానికి తగ్గట్టు మారాలి. అది గాలిలోని తేమను పీల్చుకుని అల్యూమినియాన్ని తినేస్తుంది కనుక రేసు తరువాత వ్యవస్థను కడిగి ఆరబెట్టాలి. పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు. పిట్‌లో (ట్రాకు పక్కన కార్లు సిద్ధం చేసే చోట) ఇంధనం పోసేటప్పుడు పక్కన నీళ్ల బకెట్లు సిద్ధంగా ఉంచండి. మెథనాల్ నీటిలో కలిసిపోతుంది, ధారాళంగా నీళ్లు పోస్తే ఆ మంట ఆరుతుంది.