దెబ్బ మానినా తగ్గని నొప్పి

పిల్లలూ,

కాలు బెణికిన మీ స్నేహితురాలు కట్టు విప్పిన నెలల తర్వాత కూడా నొప్పి అంటుంటే 'నాటకాలు' అనేస్తాం. అనే ముందు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అనే జబ్బు గురించి కాస్త వినండి. డాక్టర్లు పొట్టిగా సీఆర్‌పీఎస్ అంటారు. అరుదైనదే కానీ పిల్లలకూ వస్తుంది, వాళ్లలో ఎక్కువగా కాలికే.

ఎముక విరిగాకో, బెణుకు తర్వాతో మొదలవుతుంది. దెబ్బ మానిపోతుంది, నరాలు మాత్రం మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉంటాయి. ఒకటే మంట. పాదానికి దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది, సాక్సు వేసుకోవడం మాట దేవుడెరుగు. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి: ఒకటి వాచి, ఎర్రగానో నీలంగానో, ముట్టుకుంటే వేడిగానో చల్లగానో ఉంటుంది. రానురాను గోళ్లు, వెంట్రుకలు పెరిగే తీరు కూడా మారుతుంది. నాటకమాడి పాదం రంగు మార్చగలమా?

1860ల్లో అమెరికా అంతర్యుద్ధంలో తూటాలకు నరాలు దెబ్బతిన్న సైనికుల్లో ఇలాంటి మంటనే సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టర్ గమనించి రాశాడు. ఇప్పటి పేరు 1994లో వచ్చింది. దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ నేటికీ లేదు. డాక్టరే లక్షణాలు చూసి, వేరే జబ్బు కాదని రూఢి చేసుకోవాలి.

నొప్పి కాలిని కదపకుండా దాచుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే బిగుసుకుపోయి ఇంకా ముదురుతుంది. అందుకే అసలు వైద్యం ఫిజియోథెరపీ. మొదట దూదితో, తర్వాత మెత్తటి గుడ్డతో, ఆపైన గరుకు టవల్‌తో రాస్తూ చర్మానికి స్పర్శ అలవాటు చేస్తారు. కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, బాగున్న కాలిని కదపమంటారు. అద్దంలోకి చూస్తుంటే నొప్పి కాలే హాయిగా కదులుతున్నట్టుంటుంది. గారడీలా ఉంది కదూ? కొందరికి బాగానే పనిచేస్తుంది. అవసరమైతే గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులు డాక్టరు ఇస్తారు. నిద్రలేమికీ టెన్షన్‌కీ కౌన్సెలింగ్ కూడా ఉంటుంది, అంతమాత్రాన నొప్పి అబద్ధమని కాదు. నరాన్ని మొద్దుబార్చే నర్వ్ బ్లాక్ ఇంజెక్షన్లు, వెన్నులో అమర్చే పరికరాలు దేనికీ లొంగని నొప్పికే.

పిల్లల్లో చాలామంది కోలుకుంటారు. కొందరికి తిరగబెడుతుంది, అప్పుడు మళ్లీ వ్యాయామాలు మొదలుపెట్టాలి. కాబట్టి నిన్న మెట్లెక్కిన పిల్ల ఇవాళ ఎక్కలేనంటే ఆశ్చర్యపోకండి. బెంచీ మీద పక్కన కూర్చునేటప్పుడు ఏ కాలో అడిగి, రెండో వైపు కూర్చోండి.

మీ తాతయ్య