లాన్ పాడైతే విత్తనం చల్లాలా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలో ఇళ్ల ముందు లాన్‌లు వేయడం, చెడిపోయిన వాటిని బాగుచేయడం నా పని. జూన్ రాగానే మోగే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "లాన్‌కు బట్టతల వచ్చింది, ఏ విత్తనం చల్లాలి?" గడ్డి ఎందుకు పోయిందని నేను ఎదురు అడిగితే అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: మే నెలలో ఎండిపోయిన లాన్ చచ్చినట్టే, పీకేయాలి.

పీకే ముందు నేలను అంటుకుని ఉన్న ఒక తీగను గోటితో గీరండి. లోపల తెల్లగానో లేతపచ్చగానో ఉంటే ప్రాణం ఉన్నట్టే. గరిక తన బలాన్ని నేలలోని దుంపతీగల్లో దాచుకుంటుంది. రెండు మంచి వానలు పడేదాకా ఆగితే చాలా లాన్‌లు నా అవసరం లేకుండానే లేస్తాయి. ఈ సంగతి చెప్పి నేను పోగొట్టుకున్న బేరాలు తక్కువేమీ కాదు.

అపోహ: ఖాళీ పడిన చోట విత్తనం చల్లితే సరిపోతుంది.

మన ఇళ్ల ముందున్న గడ్డి చాలావరకు విత్తనంతో పుట్టింది కాదు. నర్సరీల్లో కొరియన్, మెక్సికన్ అని అమ్మేవి జోయిసియా జాతివి. వాటిని మట్టితో సహా చాపలా కోసి తెచ్చిన కార్పెట్‌గా పరుస్తారు, లేదా పిలకలు నాటుతారు. గోల్ఫ్ మైదానాల్లో కనిపించే టిఫ్‌డ్వార్ఫ్ వంటి సంకర గరికకు మొలకెత్తే విత్తనమే ఉండదు. ఇలాంటి లాన్‌లో బెర్ముడా విత్తనం చల్లితే మొలవక మానదు. కానీ ఆకు వేరు, రంగు వేరు. పట్టుచీరకు నూలు మాసిక వేసినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. అన్నట్టు, డబ్బాల్లో వచ్చే ఆ బెర్ముడా మరేదో కాదు, వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే.

మాసికకు గుడ్డ మీ లాన్‌లోనే ఉంది. నడకదారి మీదికి పాకిన అంచును కత్తిరించండి. రెండు మూడు కణుపులున్న ముక్కలుగా చేసి, నేల గుల్లచేసి, 3-4 అంగుళాల దూరంలో నాటండి. ఒక కణుపు మట్టిలో ఉండాలి, ఆకు బయట ఉండాలి. కాలితో అదిమి, రెండు వారాలు తడి ఆరనివ్వకండి. వానాకాలంలో గరిక జాతి రెండు నెలల్లో కమ్ముకుంటుంది. జోయిసియాకు ఓపిక కావాలి, ఒక్కోసారి సీజను మొత్తం తీసుకుంటుంది.

లాన్ మొత్తం మామూలు గరికదై, సగానికి పైగా పోయి ఉంటే విత్తనం పనికొస్తుంది. పొట్టు తీసిన గింజ తీసుకోండి. నూరు చదరపు అడుగులకు 50 నుంచి 90 గ్రాములు చాలు. గింజ ఆవగింజకన్నా సన్నం కాబట్టి పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. పావు అంగుళానికి మించి మట్టి కప్పితే మొలక పైకి రాదు. జోరువానకు గింజంతా ఒక మూలకు కొట్టుకుపోకుండా తడి గోనెపట్టా పరిచి, మొలక కనబడగానే తీసేయండి. పట్టాను మరిచిపోయి ఊరెళ్లిన వారి లాన్ కూడా చూశాను. మొలకలు గోనెలోంచి పైకి అల్లుకుపోయి, పట్టాతో పాటే లేచి వచ్చాయి.

అపోహ: సెప్టెంబరు, అక్టోబరులో చల్లడమే మంచిది.

ఇది న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడి సలహా. అక్కడికి అది సరైనదే. అక్కడ లాన్‌లలో ఎక్కువగా ఉండేవి ఫెస్క్యూ, బ్లూగ్రాస్, రై వంటి చలికోరు గడ్డి జాతులు. ఎండ తగ్గాక చల్లితేనే అవి నిలుస్తాయి. మన గడ్డి వేడికి ఎదిగేది, చలికి మందగించేది. మనకు మృగశిర కార్తె నుంచి ఆగస్టు దాకా అదను. ఆన్‌లైన్‌లో తెప్పించిన రై గడ్డి వారంలో మొలిచి సంక్రాంతికి కళ్లకు పండుగ చేస్తుంది. ఏప్రిల్ ఎండలకు మాడిపోతుంది.

అపోహ: ఏటా రెండంగుళాల ఎర్రమట్టి పోస్తే లాన్ బలపడుతుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఇదే. బంకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి గడ్డిని పూడ్చేస్తుంది, ఎండకు గట్టిపడుతుంది, పాత నేలకూ కొత్త పొరకూ మధ్య నీరు దిగనివ్వదు. పై పూత వేయాలంటే జల్లించిన ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి పావు అంగుళం చాలు, ఆకు కొసలు కనబడుతూ ఉండాలి. పచ్చి పేడ ఎరువు వేస్తే మాత్రం కలుపు విత్తనాలను మీరే డబ్బిచ్చి కొన్నట్టు.

మట్టి పోసే ముందు అడుగున ఏముందో చూడండి. ఒక ఇంట్లో గేటు పక్క మూలన రెండేళ్లుగా ఏం నాటినా చచ్చిపోతోంది. రెండుసార్లు విత్తనం, ఒకసారి కార్పెట్ అయ్యాయి. గునపం దింపితే నాలుగంగుళాల కింద ఠంగుమంది. ఇల్లు కట్టినప్పుడు సిమెంటు కలిపిన చోటు అది. రంగుల వాళ్లు పుట్టీ బకెట్లు కడిగిందీ అక్కడే. ఆ పలక పగలగొట్టి, అడుగు లోతు మట్టి మార్చి, అదే లాన్ అంచు పిలకలు నాటితే దసరాకు నిండింది. గునపం కూడా అక్కర్లేదు, తడి నేలలో పొడవాటి స్క్రూడ్రైవర్ చేతి బలంతో దిగకపోతే వేరు కూడా దిగదు.

గడ్డిని పట్టుకుని లాగితే చాపలా లేచి వస్తోందా? తప్పు నేలది కాదు, అడుగున వేరుపురుగు ఉంది. తెల్లగా కొక్కెంలా ముడుచుకుని కనిపిస్తుంది. దాన్ని వదిలించకుండా నాటిన పిలకలు దానికి భోజనమే.

అపోహ: తుంగను పీకుతూ ఉంటే అదే పోతుంది.

పీకితే ఆకు మీ చేతికొస్తుంది, గడ్డ నేలలో ఉంటుంది. కింద గడ్డలు గొలుసులా ఉంటాయి, పై మొలక పోతే నిద్రలో ఉన్న మరో కన్ను లేస్తుంది. తుంగను వదిలించకుండా పైన కార్పెట్ పరిచిన తప్పు నేనూ చేశాను. పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో, నెల తిరక్కుండానే కొత్త కార్పెట్‌ను చీల్చుకుని సూదుల్లా లేచింది. సొంత ఖర్చుతో మళ్లీ వేశాను. ఇప్పుడు నాటే ముందు జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, తడిపి పది పదిహేను రోజులు ఆగుతాను. మిగిలినవి మొలిస్తే మళ్లీ ఏరుతాను. ఇంటి యజమానులకు ఈ ఆగడమే నచ్చదు. కార్పెట్ కొనేటప్పుడు కూడా అడుగు మట్టిని వేళ్లతో నలిపి చూడండి, తుంగ ఎక్కువగా దానితోనే వస్తుంది.

అపోహ: పసుపెక్కితే యూరియా.

బోరు నీటితో పెరిగే లాన్‌లలో చాలాసార్లు అది ఇనుము లోపం. లేత ఆకులో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, ముందే చెబుతున్నాను. యూరియానే వేయాలంటే నూరు చదరపు అడుగులకు నూరు గ్రాములు దాటవద్దు. తడి నేల మీద, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి.

అపోహ: మామిడి చెట్టు కింద కూడా ఏదో ఒక లాన్ రకం వస్తుంది.

రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట గరిక నిలవదు. మన నర్సరీల్లో బఫెలో అని అమ్మే సెయింట్ అగస్టీన్ గడ్డి కాస్త నీడను ఓర్చుకుంటుంది, చిక్కటి నీడలో అదీ పలచబడుతుంది. ఆ చెట్టు కింద రెండు కుర్చీలు వేసుకోండి.