తుపాకీ గొట్టంలో తాడు చేసే పని

దసరా వచ్చిందంటే బెజవాడలో సందడి ఇంద్రకీలాద్రి దగ్గరే ఆగదు. ఆటోనగర్‌లో లేత్ మిషన్లకి బంతిపూల దండలు వేస్తారు, లారీలకి గుమ్మడికాయలు కొడతారు, పోలీసు యూనిట్లలో రైఫిళ్లని వరసగా పేర్చి పసుపు కుంకుమ పెడతారు. పూజకి ముందు తుపాకీని పైపైన తుడవడం ఎవరైనా చేస్తారు. అసలు పని గొట్టం లోపల ఉంటుంది. పైగా దసరా పడేదే వానలు ఇంకా పూర్తిగా వెళ్లని రోజుల్లో. కృష్ణ ఒడ్డున అప్పుడు తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఉక్కుకి అది మంచి కాలం కాదు.

పేల్చీ పేల్చీ గొట్టం పాడవుతుందని చాలామంది అనుకుంటారు. పాతకాలపు సైనిక రైఫిల్ .303 పేలినప్పుడు లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 3,000 రెట్లు దాటుతుంది కాబట్టి అరుగుదల ఉండదని అనలేం. కానీ పాతకాలం తూటాలు కాల్చి, తుడవకుండా మూలన నిలబెట్టిన తుపాకీకి ఒక్క వానాకాలం చేసే చెరుపు అంతకంటే ఎక్కువ.

మొదట్లో వాడిన నల్ల తుపాకీ మందులో సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. అది కాలాక బరువులో సగానికి పైగా వాయువుగా మారదు, పొగగానో మసిగానో మిగిలిపోతుంది. 1857లో అంత గొడవకి కారణమైన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాల కొవ్వు కథ వెనక ఉన్నది కూడా ఈ మసే. అప్పట్లో తూటాని మూతి వైపు నుంచి లోపలికి దించేవారు. మసి గట్టిపడితే తూటా దిగదు, అందుకని దాని కాగితానికి కొవ్వు పూశారు. ఆ తర్వాత ఏం జరిగిందో స్కూల్లో అందరం చదువుకున్నదే.

1889లో కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. దాని పేరుతో నీలగిరుల్లోని అరువంకాడులో ఇప్పటికీ ఫ్యాక్టరీ ఉంది. గొట్టానికి కాస్త జిడ్డు తగులుతుందన్న ఆశతో ఆ మందులో 5 శాతం వ్యాజలీన్ లాంటిది కలిపారు. గొట్టం సంగతి ఎలా ఉన్నా, నిలవున్న మందు చెడిపోకుండా అది కాపాడింది. అనుకున్నది ఒకటి, కలిసొచ్చింది ఇంకొకటి.

మసి తగ్గింది కదా, తుప్పు కూడా తగ్గాలి. తగ్గలేదు. శుభ్రంగా తుడిచి నూనె రాసిన గొట్టాల్లో కూడా తుప్పు చుక్కలు కనబడేవి. దోషం మందుది కాదు, మందుకి నిప్పంటించే చిన్న క్యాప్‌ది. అందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టం గోడలకి సన్నటి పొరలా అంటుకుంటుంది. వంటింటి ఉప్పుకి అది దగ్గరి చుట్టం. గాలిలో తేమ 84 శాతం దాటితే దానంతటదే నీరు పీల్చుకుని కరుగుతుంది. ఉక్కు మీద ఉప్పునీటి పొర ఏర్పడితే తుప్పుకి ఇంకేం కావాలి? నూనెలో ఉప్పు కరగదు. కాబట్టి పైన ఎంత నూనె పూసినా కింద ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది.

దీనికి సైన్యం కనిపెట్టిన విరుగుడు మరిగే నీళ్లు. తుపాకీని నీళ్లతో కడగడమా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు గానీ, ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. వేడినీళ్లు ఉప్పుని కరిగించి తీసుకుపోతాయి, గొట్టాన్ని వేడెక్కిస్తాయి, ఆ వేడికి మిగిలిన తడి ఆరిపోతుంది. ఆ తర్వాతే నూనె. ఇప్పటి క్యాప్‌లలో ఎక్కువగా లెడ్ స్టిఫ్నేట్ వాడుతున్నారు కాబట్టి ఆ ఉప్పు బెడద తగ్గింది. అయితే అందులో సీసం ఉంది. రైఫిల్ తుడిచిన చేతులతో టిఫిన్ ప్లేటు పట్టుకోకూడదు.

తూటా పైన ఉండే రాగి తొడుగు కూడా గొట్టంలో కొంత రుద్దుకుని అంటుకుంటుంది. దాన్ని తీసే ద్రావకాల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. అలాంటి ద్రావకంతో తుడిస్తే గుడ్డముక్క నీలంగా బయటికి వస్తుంది. గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ చదివినవాళ్లకి ఈ రంగు బాగా గుర్తుండాలి. ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసేటప్పుడు రాగి లవణానికి అమ్మోనియా ఎక్కువ పోయగానే టెస్ట్‌ట్యూబులో వచ్చే ముదురు నీలం ఇదే.

ఇక గుడ్డని లోపలికి పంపేదెలా? మూతి నుంచి తూటా దించే రోజుల్లో గొట్టం కిందే ఒక కడ్డీ ఉండేది, దాంతోనే తుడిచేవారు. తూటా వెనక నుంచి పెట్టే తుపాకీలు వచ్చాక ఆ కడ్డీ అవసరం తీరిపోయింది. దాని స్థానంలో వచ్చిందే పుల్‌త్రూ: ఒక గట్టి తాడు, దాని ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డ పెట్టే ఉచ్చులు. చుట్టి, నూనె సీసాతో పాటు రైఫిల్ మడమలోని, అంటే భుజానికి ఆనించే వెనక భాగంలోని, చిన్న అరలో పెట్టేస్తే సరి. ఇత్తడి బరువుని వెనక నుంచి వదిలితే దానంతటదే జారి మూతి దగ్గర తేలుతుంది. ఎన్‌సీసీలో చేరినవాళ్లకి ఆ గుడ్డముక్క పేరు తెలుసు, చిందీ. తుడవడానికి నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు.

గుంటూరులో ఒక ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ అయ్యాక .22 రైఫిళ్లు తుడుస్తుంటే పక్కన కూర్చుని చూశాను. టార్పాలిన్ మీద ఒక క్యాడెట్ రైఫిల్ పట్టుకున్నాడు, ఇంకొకడు తాడుని అరచేతికి చుట్టుకుని లాగుతున్నాడు. మొదటి చిందీ నల్లగా వచ్చింది, రెండోది బూడిద రంగులో. మూడోసారి కుర్రాడికి ఓపిక తగ్గి పక్కకి వాలి లాగాడు. వెంటనే నేర్పిస్తున్న ఉస్తాద్ కేకేశాడు: "నాయనా, పక్కకి కాదు! గొట్టం ఎటు చూస్తుందో అటే లాగు."

ఆ కేకలో చాలా సైన్స్ ఉంది. గిలక లేని పాత బావుల్లో చేంతాడు రాతి ఒరని కోసిన గాళ్లు చూసే ఉంటారు. ఇక్కడా అంతే. తాడు మెత్తనిదే, కానీ నేల మీద పడి లేచిన తాడుకి ఇసుక రేణువులు అంటుకుంటాయి, ఇసుక ఉక్కుకన్నా గట్టిది. ప్రతిసారీ ఒకే పక్కకి లాగితే మూతి అంచున ఒకే చోట గాడి పడుతుంది.

మిగతా గొట్టంలో కన్నా మూతి అంచున పడే గీత ఎందుకంత ప్రమాదం? తూటాని చివరిసారి తాకేది ఆ అంచే. .303 తూటా సెకనుకి సుమారు 744 మీటర్ల వేగంతో, సెకనుకి దాదాపు 2,900 చుట్ల లెక్కన తిరుగుతూ బయటపడుతుంది. దాని అడుగు భాగం అంచు దాటే క్షణంలో వెనకున్న వాయువు చుట్టూ సమానంగా తప్పించుకోవాలి. ఒక పక్క అంచు అరిగి ఉంటే వాయువు అటే ముందుగా తన్నుకొస్తుంది, తూటా ఒరుగుతుంది. గురి తప్పినందుకు తిట్లు మాత్రం కాల్చినవాడికి పడతాయి.

ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగున్న స్టీలు తీగలు, మధ్యలో కంచు బ్రష్ అల్లిన లావుపాటి తాళ్లు కూడా దొరుకుతున్నాయి. ఒక్క లాగుకే బ్రష్ చేయడం, తుడవడం రెండూ అయిపోతాయి. హాయిగానే ఉంటుంది, కాకపోతే ఆ తాడుని ఉతకాలి. ఉతకని తాడు నిన్నటి మురికినే ఇవాళ మళ్లీ గొట్టమంతా పూస్తుంది.

అన్నిటికన్నా ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలని వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, చిందీ మరీ మందంగా మడిచి బలవంతంగా లాగకూడదు. తాడు తెగితే గుడ్డ గొట్టం మధ్యలో బిగుసుకుపోతుంది. అప్పుడు తూటా కాల్చి దాన్ని బయటికి నెట్టేద్దామన్న ఆలోచన అస్సలు రాకూడదు, గొట్టం ఉబ్బిపోతుంది, చీలిపోనూవచ్చు. ఇలాంటి రోజు వస్తుందని తెలిసే పాత .303 పుల్‌త్రూలో మూడు ఉచ్చులు పెట్టారు. ఒకటి తీగ జాలీకి, ఒకటి గుడ్డకి. కొసన ఉన్న మూడోది, ఇరుక్కున్న తాడుని ఆర్మరర్, అంటే ఆయుధాలు బాగుచేసేవాడు, వెనక్కి లాగి తీయడానికి.