లూప్ మధ్యలో లిస్ట్‌ను మారిస్తే: ఒక పాత చిక్కు కథ

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2, 4, 5, 6 ఉన్న లిస్ట్ మీద ఫర్ లూప్ (విలువలను ఒక్కొక్కటిగా చూసే కోడ్) నడుపుతూ, సరి సంఖ్య తగిలినప్పుడల్లా అదే లిస్ట్‌లోంచి తీసేయండి. 5 ఒక్కటే మిగలాలి. కానీ 4 కూడా మిగులుతుంది. ఎర్రర్ ఏమీ రాదు.

లూప్‌కి విలువలను ఒక్కొక్కటిగా అందించేది లిస్ట్ ఇటరేటర్. దాని దగ్గర ఉండేవి రెండే: ఏ లిస్ట్, తర్వాత చూడాల్సిన ఇండెక్స్ (0 నుంచి లెక్కించే స్థానం సంఖ్య) ఎంత. 0వ స్థానంలోని 2ను తీసేయగానే మిగతావన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి, 4 వచ్చి 0లో చేరుతుంది. ఇటరేటర్ మాత్రం అప్పటికే 1కి వెళ్లిపోయింది. అక్కడున్నది 5. దాంతో 4 లూప్ కంట పడనే లేదు.

దీని మూలం చాలా వెనక ఉంది. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో డూ లూప్ పని అంకెలు లెక్కపెట్టడమే. ఆ అంకెతో అర్రేలోంచి (వరసగా దాచిన విలువల్లోంచి) విలువ తీసుకోవడం ప్రోగ్రామర్ వంతు. 1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం తయారుచేసిన క్లూ భాష ఈ రెండు పనులనూ లూప్ నుంచి విడదీసింది. డేటా ఎలా దాచారో లూప్‌కి తెలియక్కర్లేదు, ఇటరేటర్ ఒక్కొక్కటే అందిస్తుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఒక్కో విలువను లూప్‌కి అందించడానికి ఇప్పుడు పైథాన్‌లో వాడే ‘యీల్డ్’ క్లూలో అప్పుడే ఉంది.

పైథాన్‌కి మొదట్లో ఇటరేటర్లు లేవు. ఫర్ లూప్ 0, 1, 2 అంటూ ఇండెక్స్ ఎర్రర్ (ఆ స్థానంలో ఏమీ లేదనే ఎర్రర్) వచ్చేదాకా అడుగుతూ పోయేది. 2001 డిసెంబరులో వచ్చిన 2.2 వెర్షన్‌తో ‘తర్వాతిది ఇవ్వు’ అని అడిగే పద్ధతి వచ్చింది. పైకి పద్ధతి మారినా, లిస్ట్ ఇటరేటర్ లోపల ఆ పాత లెక్కే నడుస్తోంది. దానివల్ల ఒక లాభమూ ఉంది: లూప్ నడుస్తుండగా లిస్ట్ చివర కొత్త పనులు చేరుస్తూ పోయే ప్రోగ్రాములు సరిగ్గా పనిచేస్తాయి.

పేరుకో విలువ చొప్పున దాచే డిక్షనరీ సంగతి వేరు. అది పెరిగితే లోపలి టేబుల్ అంతా మళ్లీ అమరుతుంది, పాత స్థానానికి అర్థం ఉండదు. అందుకే సైజు మారితే పైథాన్ రన్‌టైమ్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

1998లో 1.2 వెర్షన్‌తో జావా ఇంకా కఠినమైన దారి పట్టింది. జావా లిస్ట్ అయిన అర్రేలిస్ట్‌లో ఏదైనా చేర్చినా తీసినా ఒక కౌంటర్ పెరుగుతుంది; ఇటరేటర్ తన దగ్గరున్న అంకెతో పోల్చి, తేడా ఉంటే ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతుంది. ఇందులోనూ ఒక కంత ఉంది. చివరి నుంచి రెండోదాన్ని తీసేస్తే, ఆ పోలిక జరగకముందే లూప్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అయినా జావా దారే మేలంటాను. తప్పుడు జవాబుతో నిశ్శబ్దంగా ముందుకు సాగే ప్రోగ్రాములో బగ్ పట్టుకోవడం పెద్ద టెన్షన్. పైథాన్‌లో అయితే కావలసినవాటితో కొత్త లిస్ట్ కట్టుకోవడమే సురక్షితం.