పాత ఫియట్ల మీద అపోహలు – వాస్తవాలు

ఇటలీ స్పోర్ట్స్ కారనగానే ఆల్ఫా రోమియో, లాన్సియా, ఫియట్ 124 స్పైడర్ గుర్తొస్తాయి. మా నెల్లూరు, ఒంగోలు షెడ్లకొచ్చే ఇటలీ బండి మాత్రం ఫియట్ 1100. ముంబై కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసిన ఆ బండే 1974 నుంచి పద్మిని అయింది.

అపోహ: ఇటలీ రేకు నాసిరకం, తుప్పు ఆగదు.

1966లో ఫియట్ సోవియట్ వాళ్లతో ఫ్యాక్టరీ ఒప్పందం చేసుకుని, బదులుగా పనికిరాని ఉక్కు తెచ్చుకుందని ఒక కథ చెబుతారు. కుర్లాలో తయారైన మన బండ్లకు ఆ కథ ఎలా వర్తిస్తుంది? నీరు నిలిచిన చోటే తుప్పు పుడుతుంది. డోరు అడుగున నీళ్లు కారే రంధ్రాలు మట్టితో పూడిపోతాయి. డోర్ల కింది పెట్టె సెక్షన్‌లో తడి ఆరదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. బండి కొనేముందు మ్యాట్ ఎత్తి ఫ్లోరును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి డోర్ల కింద జరపండి. పట్టు వదిలిందంటే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. దాన్ని గీకి, కుళ్లిన రేకు కోసి, కొత్తది వెల్డింగ్ చేసేదాకా పెయింటు మాట ఎత్తకండి. నిగనిగలాడే పెయింటు చూసి డబ్బిచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని కవాటం) పీకేస్తే బండి వేడెక్కదు.

చాలామంది మేస్త్రీలు చేసే పనే ఇది. వాల్వ్ లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమై, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజిన్ సిలిండర్ల లోపలి గోడలు అరుగుతాయి. అసలు దోషం చాలాసార్లు నీళ్లది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు పోసీపోసీ రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుపోతుంది. బండి బాగా తిరిగాక ఇంజిన్ ఆపి, ఫ్యాన్ నిలిచాక రేడియేటర్ మీద జాగ్రత్తగా చెయ్యి దగ్గరపెట్టి చూడండి. ఒకచోట వేడి, పక్కనే చల్లన ఉంటే అక్కడ నీళ్లు పారడం లేదు. రేడియేటర్ ట్యాంకు విప్పించి రాడింగ్ (గొట్టాల్లోకి కమ్మీ దూర్చి సున్నం తీయడం) చేయించండి. ఆ తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయొద్దు.

అపోహ: పెద్ద కార్బ్యురేటర్ వేస్తే స్పోర్ట్స్ కారవుతుంది.

1100లోనే 1953లో టురిస్మో వెలోచె అనే వేగం రకం వచ్చింది. 36 హార్స్‌పవర్‌ను 50 చేయడానికి ఫియట్ కంప్రెషన్ కూడా పెంచింది, కార్బ్యురేటర్ ఒక్కటీ మార్చి ఊరుకోలేదు. పైగా ఇవి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న బండ్లు. ముందు వీల్ సిలిండర్లు, లైనింగులు చూడండి, వేగం తర్వాత.

అపోహ: పాత బండికి ఏ ఇంజిన్ వేసుకున్నా అడిగేవాళ్లుండరు.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ వాహనంగా ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉంటేనే ఆ వీలు. అది కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకే, రోజువారీ తిరగడానికి కాదు.

అపోహ: షెడ్డులో కదలకుండా ఉంచితే చెడదు.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది, పెట్రోలు పంపులోని డయాఫ్రం (పల్చటి పొర), పాత రబ్బరు పైపులను తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు మార్చండి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే సైలెన్సర్‌లో నీళ్లు మిగులుతాయి. బండిని రోడ్డెక్కించి, బాగా వేడెక్కేదాకా ఓ అరగంట తోలండి.